చీకటి అలవాటు

పెళ్లయిన కొత్తలో స్నేహితులు నానాజీని అడిగేవాళ్లు, ఆ వెలుతురులో నిద్ర ఎలా పడుతోందిరా అని. కళ్ల మీద తువ్వాలు కప్పుకుంటే పడుతుంది అనేవాడు. అందులో అబద్ధం లేదు. మొదట్లో కొన్నాళ్లు అవస్థ పడ్డాడు గానీ, తర్వాత తువ్వాలు లేకపోతేనే నిద్ర పట్టని మనిషయ్యాడు. పక్క మంచం మీద సుప్రియ కళ్లకు నల్లగుడ్డ కట్టుకుని పల్చటి బట్టల్లో పడుకునేది. ఆమె మంచానికి పైనా పక్కలా ఇనప చట్రం, ఆ చట్రం నిండా నీలం ట్యూబ్‌లైట్లు. అనకాపల్లి గవరపాలెంలో ఆ సందు మొత్తానికి వాళ్ల కిటికీ ఒక్కటే నీలంగా కనిపించేది. కొత్తగా అటు వచ్చినవాళ్లు చేపల తొట్టి పెట్టుకున్నారేమో అనుకునేవాళ్లు.

సుప్రియది చాలా అరుదైన జబ్బు. పది లక్షల మందిలో ఒకరికి వస్తుందంటారు. పేరు కూడా నోరు తిరగనిదే, క్రిగ్లర్-నజ్జర్ అని. ఒంట్లో పాత రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. అది అందరిలోనూ ఉండేదే. కాలేయం దాన్ని నీళ్లలో కరిగేలా మార్చి బయటికి పంపేస్తుంది. సుప్రియ కాలేయానికి ఆ ఒక్క పని చేతకాదు. ఆ పని చేసే ఎంజైమును తయారుచేయించే జన్యువు ఆమెకు పుట్టుకతోనే చెడిపోయి ఉంది. అందుకని ఒళ్లూ కళ్లూ ఎప్పుడూ పచ్చగా ఉండేవి. పచ్చగా ఉంటే ఉండనీ, ఆ పసుపు పెరిగి మెదడుకి ఎక్కితే మనిషి దక్కదు. నీలం వెలుతురు చర్మం మీద పడుతుంటే మాత్రం అది కొంత కొంతగా రూపం మార్చుకుని బయటికి పోతుంది. సుప్రియ బతికింది ఆ వెలుతురు వల్లే.

ఆమె తండ్రి బంగారయ్య తుమ్మపాలలో చెరకు రైతు. బిడ్డ పుట్టిన మూడో రోజుకే పసుపు ముద్దలా తయారైతే, పసరు పోయిస్తే తగ్గుతుందని ఊళ్లో అందరూ చెప్పారు. బంగారయ్య వినలేదు, విశాఖపట్నం తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు అన్ని పరీక్షలూ అయ్యాక భార్యాభర్తల్ని ఎదురుగా కూర్చోబెట్టి, మీరిద్దరూ చుట్టాలా అని అడిగాడు. భార్య చిన్నమ్మలు బంగారయ్యకి సొంత అక్క కూతురు. తండ్రిలో ఒకటి, తల్లిలో ఒకటి చెడిన జన్యువు ఉంటుందనీ, వాళ్లకి దానివల్ల ఏమీ కాదనీ, ఆ రెండూ బిడ్డకే చేరితే ఈ జబ్బనీ, మేనరికాల్లో అలా చేరడానికి అవకాశం ఎక్కువనీ డాక్టరు ఓపిగ్గానే వివరించాడు. బంగారయ్యకి ఆ వివరమేదీ మనసులో నిలవలేదు. ప్రశ్న నిలిచింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మరో బిడ్డను కనలేదు. ఎందుకని ఒకరినొకరు అడగనూ లేదు. ఊళ్లో వెల్డింగు చేసేవాడి పక్కన కూర్చుని బంగారయ్య మొదటి చట్రం చేయించాడు. కూతురు ఎదిగినప్పుడల్లా చట్రాన్నీ పెంచుతూ వచ్చాడు.

హుద్‌హుద్ తుఫానుకి కరెంటు స్తంభాలు వరసగా పడిపోయినప్పుడు సుప్రియ పదో తరగతి చదువుతోంది. పగలు ఎండలో కూర్చోబెడదామంటే ఎండ లేదు. బంగారయ్య సైకిలు మోసుకుంటూ, తోసుకుంటూ అనకాపల్లి వచ్చి జనరేటరు కోసం తిరిగాడు. ఎవరి దగ్గరా లేదు. మోటార్లకి కాలిన రాగితీగ మార్చే ఒక వైండింగు షాపులో నానాజీ అప్పుడు పని నేర్చుకుంటున్నాడు. రిపేరుకి వచ్చి మూలన పడున్న జనరేటరును విప్పి, బాగుచేసి, రిక్షా మీద వేసుకుని, పడిపోయిన చెట్లను దాటించుకుంటూ తుమ్మపాల చేర్చాడు. కరెంటు వచ్చేదాకా వాళ్ల అరుగు మీదే పడుకున్నాడు. ఆ తర్వాత ట్యూబు మాడినా, ఇన్వర్టరు మొరాయించినా అతనే వచ్చేవాడు. కొన్నేళ్లకి ఏదీ చెడిపోకుండా కూడా రావడం మొదలుపెట్టాడు.

పిల్లనిస్తారా అని అడిగినప్పుడు బంగారయ్య అతన్ని చెరకు తోటలోకి తీసుకెళ్లి ఉన్నదంతా చెప్పాడు. పిల్లలు పుట్టడం కూడా కష్టమేనని, కడుపులో బిడ్డకి ఆ పసుపు ప్రమాదమని డాక్టర్లు అన్న సంగతి కూడా దాచలేదు.

“ఇది కాపరం కాదు బాబూ, నైట్ డ్యూటీ,” అన్నాడు చివరికి.

“సేత్తాను మావయ్యా,” అన్నాడు నానాజీ.

అలా వాళ్ల కాపురం మొదలైంది. నానాజీ సొంతంగా వైండింగు షాపు పెట్టుకున్నాడు. సుప్రియ మెయిన్ రోడ్డులో ఒక టైలరింగ్ షాపుకి జాకెట్ల మీద మగ్గం వర్కు చేసేది. మిగతా ప్రపంచానికి పగలు ఎంత పొడుగో ఆమెకి అంత ఉండేది కాదు. పన్నెండు గంటలు లైట్ల కింద పోగా మిగిలిన దాంట్లోనే వంట, పని, మనుషులు అన్నీ. పెళ్లిళ్లకి వెళ్తే భోజనం చేసి వచ్చెయ్యడమే. ఒక రాత్రి మరొకరింట్లో ఉండి ఎరగదు. దానికి ఆమె పెద్దగా బాధపడినట్టు కనిపించేది కాదు. భర్తను ఊళ్లో అందరిలాగే బావా అని పిలిచేది, మాట్లాడుతూ మాట్లాడుతూ నల్లగుడ్డ కింద నిద్రపోయేది.

పెళ్లయిన మూడో ఏడు వానాకాలంలో ఆమెకి జ్వరం వచ్చింది. ఊరంతా వచ్చిన మామూలు జ్వరమే. రెండో రోజు సాయంత్రం నానాజీ షాపు నుంచి వచ్చేసరికి సుప్రియ మగ్గం ముందు కూర్చుని సూది పట్టుకునే ఉంది. చేతులు వణుకుతున్నాయి. ఏమైందని అడిగితే ఏదో చెప్పింది గానీ మాటలు ముద్దముద్దగా వచ్చాయి. నానాజీ రెండో ప్రశ్న అడగలేదు. ఎత్తుకుని ఆటోలో వేసుకుని సబ్బవరం మీదుగా విశాఖపట్నం చేర్చాడు. దారి పొడుగునా ఆమె చేత ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉన్నాడు. మాట ఆగిపోతే ఏమవుతుందో అని అతని భయం.

ఆసుపత్రిలో రక్తంలోని ద్రవాన్ని తీసి కొత్తది ఎక్కించారు, చుట్టూ లైట్లు పెట్టారు. వారం తిరిగేసరికి మాట మామూలుగా వచ్చింది. చేతుల వణుకు పోయింది. అక్కడి కాలేయం డాక్టరు దివ్య ఆ వారమంతా చూసి, ఇంటికి పంపే ముందు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. నలభై దాటని మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది, చెప్పిన దాన్ని ఎదుటివాళ్లు తిరిగి చెప్పేదాకా వదలదు.

చిన్నపిల్లల చర్మం పల్చన కాబట్టి వెలుతురు లోపలికి దిగుతుంది, వయసొచ్చేకొద్దీ చర్మం మందమై దిగడం తగ్గుతుంది అని చెప్పిందామె. ఒకప్పుడు ఎనిమిది గంటలు సరిపోయేది, ఇప్పుడు పన్నెండు కూడా చాలడం లేదు. ఈసారి బయటపడింది, మరో జ్వరానికి ఏమవుతుందో చెప్పలేం. ఇక రెండే దారులు. కాలేయం మార్చడం ఒకటి. అది తెలిసిన దారి, కానీ పెద్ద ఆపరేషను, జీవితాంతం మందులు.

బంగారయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు.

“నాది తీసుకోండమ్మా. ఎంత కావాలంటే అంత కోసుకోండి.”

పరీక్షలు చేయకుండా కాదనడం ఇష్టం లేక దివ్య చేయించింది. వయసు దాటిపోయింది, పైగా కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. పనికిరాదన్నారు. చిన్నమ్మలుకి చక్కెర జబ్బు. నానాజీ రక్తం గ్రూపు కలవలేదు. ఆ రిపోర్టులు వచ్చిన రోజు బంగారయ్య ఆసుపత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. బస్సెక్కమని చిన్నమ్మలు వచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ లేవలేదు.

రెండో దారి గురించి దివ్య ఆ తర్వాత చెప్పింది. హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో కొద్దిమంది మీద కొత్త వైద్యం పరీక్షిస్తున్నారు. వైరస్ చేసేది ఒకటే పని, కణంలోకి దూరి తన జన్యువుల్ని అక్కడ దించడం. మనుషులకి ఏ జబ్బూ తేని చిన్న వైరస్ ఒకటుంది. దాని లోపల ఉన్నదంతా తీసేసి ఆ డొల్లలో సుప్రియ దగ్గర లేని మంచి జన్యువును పెడతారు. నరంలోంచి ఎక్కిస్తే రక్తంలో తిరిగి తిరిగి ఎక్కువ భాగం కాలేయంలోకే చేరుతుంది, ఆ రకం వైరస్ తీరు అది. అక్కడి కణాల్లోకి దూరి జన్యువును దించేస్తుంది. డొల్ల కరిగిపోతుంది, జన్యువు ఉండిపోతుంది. ఉండి ఆ ఎంజైమును తయారుచేయిస్తుంది. అన్నీ కుదిరితే లైట్లు అక్కర్లేదు.

కుదరకపోతే, అని అడిగింది సుప్రియ.

కుదరకపోతే మళ్లీ ఎక్కించడానికి లేదు అంది దివ్య. ఒకసారి ఆ వైరస్‌ను చూసిన ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి కాలేయం దాకా రానివ్వదు. కుదిరినా ఎన్నేళ్లు పనిచేస్తుందో ఎవరూ ఇంకా ఖాయంగా చెప్పలేరు. ఇది ప్రయోగం, హామీ కాదు. కాదంటే ఎవరూ ఏమీ అనుకోరు.

బంగారయ్య విన్నది ఒక్క మాటే, వైరస్ అని. అతని తమ్ముడు కరోనాకి పోయాడు. శవాన్ని దూరం నుంచి చూసి దండం పెట్టాల్సి వచ్చింది. టీవీలో రోజంతా వినిపించిన మాట ఇప్పుడు తన కూతురి పేరు పక్కన వినిపించింది. ఇంటికి వచ్చాక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు గవరపాలెం వచ్చాడు.

“వైరస్ ఎక్కిత్తారంటే నాకు మనసొప్పట్లేదమ్మా. నిన్ను దాని నుంచి కాపాడుకోడానికే కదా ఇన్నాళ్లూ తలుపులేసి కూకోబెట్టేం.”

సుప్రియ మగ్గం దగ్గర్నుంచి లేచి వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజు జ్వరంలో తనకి ఏమైందో అంతవరకు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు చెప్పింది. బావ ఎదురుగా నిలబడి అడుగుతున్నాడు, జవాబు తనకి తెలుసు, లోపల ఆ మాట స్పష్టంగా ఉంది, నోట్లోకి రావడం లేదు.

“అలా ఇంకోసారి అవ్వకూడదు నాన్నా. భయపడి ఇంట్లో కూకున్నా అవుద్ది. అందుకని వెళ్తాను.”

బంగారయ్య వెళ్లేటప్పుడు చట్రానికి ఉన్న ట్యూబులన్నీ ఒకసారి తడిమి చూసి, వదులుగా ఉన్న రెంటిని బిగించి వెళ్లాడు.

ముందు ఒక రక్తపరీక్ష నెగ్గాలి. ఆ వైరస్ లోకంలో మామూలుగా తిరిగేదే. తెలియకుండానే చాలామందికి ఎప్పుడో సోకి పోయి ఉంటుంది. అలా సోకినవాళ్ల రక్తంలో దాన్ని అడ్డుకునే శక్తి అప్పటికే ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ వైద్యం పనిచెయ్యదు. ఫలితం వచ్చాక దివ్య ఫోన్ చేసి, సుప్రియ రక్తం ఆ వైరస్‌ను ఎన్నడూ ఎరగదని చెప్పింది. సుప్రియ నవ్వి, మా అమ్మ నన్ను ఎవరితోనూ ఆడనిస్తే కదా అంది. అదే కారణమని చెప్పలేం, అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు అంది దివ్య. చిన్నమ్మలు మాత్రం అదే కారణమని నమ్మింది. పిల్లని పదిమందిలో తిరగనివ్వలేదే అని అన్నేళ్లూ లోపల్లోపల కుమిలిన మనిషి, ఆ పూట పక్కింటివాళ్లకి పిలిచి మరీ చెప్పింది.

షాపును స్నేహితుడు పరదేశికి అప్పజెప్పి నానాజీ ఆమెతో హైదరాబాదు వెళ్లాడు. మందు ఎక్కించే రోజు అతను ఏదో పెద్ద హడావుడి ఉంటుందనుకున్నాడు. ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు, మంచు పెట్టెలోంచి తీసిన మందు. నీళ్లలా ఉంది. సెలైన్ ఎక్కించినట్టే చుక్కచుక్కగా ఎక్కించారు. సుప్రియ చెయ్యి చాపుకుని కిటికీలోంచి బయట మెట్రో రైళ్లు పోవడం చూస్తూ పడుకుంది. నానాజీ ఆ చుక్కల్నే చూస్తూ నిలబడ్డాడు, ఒక్కటి కింద పడినా ఊరుకునేలా లేడు. అయిపోయాక, ఇంతేనా మేడమ్ అని అడిగితే, మీ పని ఇంతే, ఇక దాని పని మొదలవుతుంది అంది నర్సు.

ఆసుపత్రి వెనక సందులో ఒక గది అద్దెకి తీసుకున్నారు. ఆసుపత్రి వాళ్లిచ్చిన లైట్లు అక్కడ పెట్టుకున్నారు. వారానికి రెండుసార్లు రక్తం ఇవ్వాలి. మొదట్లో మార్పేమీ లేదు. తర్వాత బిలిరుబిన్ దిగడం మొదలైంది. ఇరవై నాలుగు ఉన్నది పద్దెనిమిదైంది, పదమూడైంది, తొమ్మిదైంది. ఒక ఉదయం టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటుంటే ఎండ ఆమె ముఖం మీద పడింది. నానాజీ తినడం ఆపేసి చూస్తూ ఉండిపోయాడు. ఏటలా చూస్తున్నావని అడిగింది. కళ్లు తెల్లగా ఉన్నాయి అన్నాడు. పూర్తిగా తెలుపు కాదు, పాత కాగితం రంగు. అయినా పెళ్లినాడు కూడా అతను చూడని రంగు. ఫొటో తీసి మామగారికి పంపాడు. బంగారయ్య వెంటనే ఫోన్ చేశాడు గానీ, అన్నం తింటందా అని తప్ప మరేమీ అడగలేకపోయాడు.

రెండో నెలలో ఎదురు తిరిగింది. కాలేయం దెబ్బతింటున్నట్టు రక్తంలో గుర్తులు కనిపించాయి. కణాల్లో మిగిలిన వైరస్ ముక్కల్ని ఒళ్లు పసిగట్టి, వాటితో పాటు ఆ కణాల మీదా దాడి చేస్తోందని డాక్టర్లు చెప్పారు. ఇలా జరగొచ్చని ముందే చెప్పారు, ఆ దాడిని అణిచే స్టీరాయిడ్లు ఇస్తున్నదీ అందుకే. మోతాదు పెంచారు. బిలిరుబిన్ మళ్లీ పైకి కదిలింది, తొమ్మిది పదకొండైంది. సుప్రియ ముఖం ఉబ్బింది, నిద్ర కరువైంది, అయిందానికీ కానిదానికీ విసుక్కునేది. ఒకరోజు నానాజీ తెచ్చిన కూరలో ఉప్పు ఎక్కువైందని పళ్లెం తోసేసింది. పెళ్లయ్యాక ఆమె అలా చెయ్యడం అదే మొదలు. కాసేపటికి తనే కింద పడిన మెతుకులు ఏరుతూ ఏడ్చింది.

“ఇది గాని పోతే మళ్లీ ఎక్కించరు బావా. ఒక్కసారే ఇచ్చేరు. దాన్ని కూడా నా ఒళ్లే తినేత్తంది.”

నానాజీ ఆమె చేతిలోంచి పళ్లెం తీసుకున్నాడు. ధైర్యం చెప్పే మాటలు ఆసుపత్రిలో రోజూ వినివిని ఇద్దరికీ విసుగెత్తి ఉంది.

“పోతే పోనీ,” అన్నాడు. “ఇంటికి పోదాం. నీ లైట్లు నీకున్నాయి, నా తువ్వాలు నాకుంది. నేను అప్పుడేటి తక్కువగా ఉన్నాను సెప్పు.”

ఆమె అతని వంక చూసింది. ఆ మాట ఓదార్పుకి అంటున్నది కాదని ఆమెకి తెలిసింది. ఆ పూట ఇద్దరూ టిఫిన్ బండి దగ్గర దోసెలు తిన్నారు.

మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పట్టింది. కాలేయం కుదుటపడింది. పదకొండు మళ్లీ తొమ్మిదికి దిగి, ఏడు దగ్గర ఆగి, అక్కడే నిలబడింది. అందరికీ ఉండేదానికన్నా అది ఎక్కువే, కానీ ప్రమాదానికి చాలా దూరం. లైట్లు గంట గంట చొప్పున తగ్గిస్తూ వచ్చారు. నాలుగో నెల చివర అనకాపల్లి పంపేశారు. ఇక రక్తపరీక్షలు విశాఖపట్నంలో దివ్య దగ్గరే. ఆమె రిపోర్టు చూసి, ఈ రోజు నుంచి లైట్లు పూర్తిగా ఆపి చూద్దాం అంది.

ఆ రాత్రి నానాజీ స్విచ్చి దగ్గర నిలబడి ఆమె వైపు చూశాడు. సుప్రియ అలవాటుగా కళ్లకి గుడ్డ కట్టుకుని ఉంది. కట్టెయ్యనా అన్నాడు. ఊఁ అంది. నీలం పోయింది. ట్యూబుల చప్పుడు కూడా పోయింది. అన్నేళ్లుగా ఆ సన్నటి రొద ఉన్న సంగతే వాళ్లకి తెలియదు, ఆగాక తెలిసింది. వీధిలో ఎవరో దగ్గడం, ఎక్కడో స్కూటరు, గోడ గడియారం, అన్నీ గదిలోకి వచ్చేశాయి. సుప్రియ గుడ్డ విప్పింది. విప్పినా ఏమీ కనిపించలేదు. ఆమె జీవితంలో పడుకుని చీకటిని చూడడం అదే మొదటిసారి.

“బావా, ఉన్నావా?”

“ఉన్నాను.”

“భయమేత్తంది. కాసేపు వేసెయ్.”

నానాజీ వెయ్యలేదు. లేచి, తడుముకుంటూ వెళ్లి, రెండు మంచాల మధ్య ఉన్న ఇనప చట్రం నట్లు విప్పాడు. ఇన్నేళ్లూ వాళ్లిద్దరి మధ్య ఆ చట్రం నిలువు పట్టీ ఉండేది. నిద్రలో చెయ్యి చాపితే దానికే తగిలేది. పక్క భాగం ఊడదీసి గోడకి ఆనించి, తన మంచాన్ని ఆమె మంచం దగ్గరికి జరిపాడు. పడుకున్నాక మర్చిపోయి తువ్వాలు మళ్లీ కళ్ల మీద వేసుకున్నాడు. సుప్రియ చేత్తో అతని ముఖం తడిమి, తువ్వాలు తగిలి, నవ్వి, దాన్ని లాగేసింది. అతని చెయ్యి తీసుకుని తన చెంప కింద పెట్టుకుంది. తెల్లవారేదాకా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మర్నాడు షాపులో నానాజీ మధ్యాహ్నమంతా తూగుతుంటే పరదేశి టీ మీద టీ తెప్పించాడు.

వారం తర్వాత పరీక్షలో ఏడు ఏడుగానే ఉంది. నెల తర్వాతా అంతే. చట్రాన్ని అమ్మెయ్యొద్దని దివ్య చెప్పింది. ఎన్నేళ్లు నిలుస్తుందో చూడాల్సిందే, నిలవకపోతే అప్పుడు కాలేయం మార్చే దారి ఎలాగూ ఉంది, ఈలోగా నువ్వు బతుకు అంది. పిల్లల సంగతి ఏడాది దాటి, మందులన్నీ ఆగాక మాట్లాడుకుందాం అని కూడా అంది. ఆ సంగతి ఇద్దరూ అప్పుడప్పుడు అనుకున్నారు. సుప్రియకి కావాలని ఉంది. నానాజీకి ఆమె మాట ముద్దబారిన సాయంత్రం ఇంకా కళ్లముందే ఉంది. తొందరేముంది అనేవాడు. తొందరేం లేదు అనేది ఆమె కూడా.

ఏడాది తిరిగింది. స్టీరాయిడ్లు ఆగాయి, ముఖం వాపు తీసి మామూలైంది. బిలిరుబిన్ ఏడుకీ ఆరుకీ మధ్య తిరుగుతోంది. చలికాలం నడుస్తోంది, తుమ్మపాల చుట్టుపక్కల బెల్లం వంటలు మొదలయ్యాయి. ఒక వేకువన సుప్రియ భర్తని లేపి, నాన్న దగ్గర దింపమంది. ఆయన బెల్లం వండడం ఆమె ఎప్పుడూ మొదటి నుంచి చూడలేదు. పొయ్యి రాజేసేది తెల్లవారకముందే. ఆ వేళకి ఆమె ఎప్పుడూ లైట్ల కిందే. నిద్ర లేచేసరికి సగం పని అయిపోయి ఉండేది.

నానాజీ బండి మీద దింపి షాపుకి వెళ్లిపోయాడు. పొలం గట్టు మీద మంచులో నడిచి వస్తున్న మనిషిని బంగారయ్య చాలా దగ్గరికి వచ్చేదాకా గుర్తుపట్టలేదు.

“ఏటమ్మా ఇప్పుడొచ్చేవు? లైట్లు...” అని, ఆగిపోయాడు.

సుప్రియ పొయ్యి దగ్గర చతికిలబడింది. పెద్ద పెనంలో రసం అప్పుడే కాగుతోంది. కూలీలు అవతల చెరకు ఆడిస్తున్నారు. ఎండిన పిప్పి పొయ్యిలోకి ఎలా తొయ్యాలో బంగారయ్య చూపించాడు. ఆమె తోస్తుంటే, మంట ఎక్కువైనప్పుడు ఆపమని, తగ్గినప్పుడు వెయ్యమని చెబుతూ నిలబడ్డాడు. కాసేపటికి అతనూ పక్కన కూర్చున్నాడు. మంట వెలుగులో కూతురి కళ్ల వంక చూశాడు. అప్పటికి ఎన్నోసార్లు చూశాడు, ఎవరైనా ఉంటే తలతిప్పుకునేవాడు. ఇప్పుడు తిప్పుకోలేదు.

“నువ్వు పుట్టినప్పుడు ఆ డాక్టరు బాబు ఒక మాటడిగేడు,” అన్నాడు. “మీరిద్దరూ చుట్టాలా అని. ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోలేను తల్లీ. మా అక్క ఇత్తానంది, నేను సేసుకున్నాను. మీ అమ్మకేటి తెలుసు, చిన్నపిల్ల. కాదనాల్సింది నేను. అనలేదు. నీ రాత నేనే పాడుచేసేను.”

సుప్రియ పిప్పి తోస్తూనే వింది. అమ్మ కూడా తప్పు తనదేనని అనుకుంటుందని ఆమెకి తెలుసు. ఇంట్లో ఈ మాట పైకి రావడం ఇదే మొదలు.

“నాన్నా, దివ్య మేడమ్‌ని నేనొకటి అడిగేను. నాలో చెడిపోయింది పోయిందా అని. పోలేదంది. అది ఉన్నకాడే ఉంది, కొత్తది వచ్చి కాలేయంలో పక్కన కూకుంది అంతే. మీరిద్దరూ ఇచ్చింది మీరిచ్చినట్టే ఉంది.”

బంగారయ్య ముఖం చిన్నబోయింది.

“వినిపించుకో ముందు. మీ ఇద్దరి దగ్గర్నుంచి అదొక్కటే వచ్చిందా నాకు? ఈ ముక్కు ఎవరిది? ఇంత ముక్కు ఇచ్చేవని నేనెప్పుడైనా నీతో దెబ్బలాడేనా?”

అతనికి నవ్వు రాలేదు. ముక్కు మీద చెయ్యి వేసుకున్నాడు, తెలియకుండానే. అది చూసి ఆమె నవ్వింది. అప్పుడు అతని గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, నవ్వో దగ్గో ఏడుపో తెలియలేదు. పైపంచెతో ముఖమంతా తుడుచుకుని, పొగ అన్నాడు. అవును, పొగ ఎక్కువగా ఉంది అంది సుప్రియ. ఆమె చెయ్యి అతని మోకాలి మీద ఉంది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. పొయ్యి తగ్గిపోతోందని అవతల్నుంచి ఎవరో కేకేస్తే గానీ కదల్లేదు.

ఎండ పైకి వచ్చాక నానాజీ ఆమెను తీసుకెళ్లడానికి వచ్చాడు. బెల్లం వండే పాక వెనక ఎండిన చెరకు ఆకుల కుప్పకి ఆనుకుని సుప్రియ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చేతులకి మసి. లేపబోతే బంగారయ్య వద్దని చెయ్యి ఊపాడు. షాపుకి తిరిగి వెళ్లాలని చెబుదామనుకుని నానాజీ మానేశాడు. పరదేశికి ఫోన్ చేసి వచ్చి కొబ్బరిమట్ట మీద కూర్చున్నాడు. బంగారయ్య ఒక ఆకు ముక్కలో వేడి పాకం వేసి, చల్లార్చి, అల్లుడి చేతికిచ్చాడు.

పాకం ముదిరింది. పెనం దించే వేళయింది. ఆ పనికి నలుగురు పట్టాలి. మామూలుగా అయితే బంగారయ్య కేక నాలుగు పొలాల అవతలికి వినిపిస్తుంది. ఆ రోజు అతను గట్టు దాకా నడిచి వెళ్లి, కూలీలని ఒక్కొక్కరినీ చేత్తో పిలుచుకొచ్చాడు.